కావలివాని కేకయు మన వివేకమును

ఇంటర్నెట్టునుండి యొక సాఫ్ట్‌వేరును దింపుకొనగనే ఆంటీవైరస్ ‘అపాయము’ అని హెచ్చరించినచో నేమి చేయవలెను? కొందఱు భయపడి ఆ ఫైలును తుడిచివేయుదురు. మఱికొందఱు విసిగి ఆంటీవైరస్‌నే ఆపివేయుదురు. ఈ రెండును తగవని మా యభిప్రాయము.

ఆంటీవైరస్ సర్వజ్ఞము గాదు. అది తానెఱిగిన దుష్టప్రోగ్రాముల గుర్తులతో ఫైలును పోల్చి చూచును. పోలిక దొరకనిచో నడవడిని బట్టి యూహించును. పలువురు వాడని క్రొత్త ఫైలును, ప్రచురించినవారి డిజిటల్ సంతకము లేని ఫైలును శంకించుటయు గలదు. మూలరచనను ఎల్లరకు బహిరంగపఱచు ఓపెన్ సోర్స్ రచయితలలో అనేకులు ప్రతిఫలము గోరక పనిచేయువారు. సంతకపు ధ్రువపత్రమునకు రుసుము చెల్లింపలేనివారును వారిలో గలరు. కావున నిర్దోషమైన ప్రోగ్రామును నిందపాలగుచుండును. 2010 ఏప్రిల్ 21వ తేదీన మెకాఫీ ఆంటీవైరస్, విండోస్ ఎక్స్‌పీకి అత్యవసరమగు ఫైలునే వైరస్సని పొరబడగా, అనేక కంప్యూటర్లు మాటిమాటికి ఆగి మొదలగుచు నిరుపయోగములైనవి.

అట్లని హెచ్చరికలన్నిటిని త్రోసిపుచ్చరాదు. ‘నాన్నా, పులి’ కథలో కడపట పులి నిజముగనే వచ్చినది గదా! 2016 ఫిబ్రవరిలో దుండగులు లినక్స్ మింట్ వెబ్‌సైటులో చొరబడి, డౌన్‌లోడ్ లింకును మార్చి, కల్తీ ప్రతిని అంటగట్టిరి.

కావలివాడు కేక వేయనంత మాత్రమున దొంగ లేడనియు దలంపరాదు. ఫైళ్లను కుదించు ఎక్స్‌జెడ్ అను ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరులో, చిరకాలము సహాయకునివలె మెలగిన యొకడు రహస్యద్వారము నమర్చెను. దానిని బయటపెట్టినది ఆంటీవైరస్ గాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజినీరు, లాగిన్ సుమారు అరసెకను ఆలస్యమగుట గమనించి, కారణము వెదకి, 2024 మార్చి 29న లోకమునకు వెల్లడించెను. మూలము తెఱచియుండుట మంచిదే. కాని చూచు కన్నులును వలయును.

కావున విద్యార్థులారా, రచయితల సొంత వెబ్‌సైటునుండియే దింపుకొనుడు. వారు ప్రకటించిన ఎస్‌హెచ్‌ఏ-256 గుర్తునందలి 64 అక్షరములును మీ ఫైలు గుర్తుతో సరిపోవునేమో చూడుడు. వెబ్‌సైటే దొంగలపాలైనచో ఆ గుర్తును మారియుండవచ్చును. అందుచే డిజిటల్ సంతకమున్నచో దానిని గూడ పరీక్షింపుడు. సందేహము తీరనిచో ఫైలును తెఱవక, తెలిసినవారి నడుగుడు. తలిదండ్రులు ధనవ్యవహారములు నడపు కంప్యూటరులో కావలిని తొలగించుట మీ యొక్కరి సాహసముతో పోవునది గాదు. ఇంటిల్లిపాదికిని నష్టము దెచ్చును.

ఊరక నమ్ముటయు, ఊరక శంకించుటయు, రెండును ఆలోచింపనొల్లని సోమరితనమే. పరీక్షించి నమ్ముటయే విద్యావంతుల లక్షణము.