ఊరి నీరు – ఇంటి యారోగ్యము

ఇల్లు అద్దమువలె నుంచుకొనుట మనకు క్రొత్త కాదు. కాని గడప దాటిన మురుగు ఎటు పోవుచున్నదో, కుళాయినీరు ఏ దారిని వచ్చుచున్నదో విచారించుట మన పని కాదని యూరకుందుము. ఈ మాసము దానిని గూర్చియే ముచ్చటింపదలచితిమి.

1854 సం. ఆగస్టు చివర లండను నగరమున సోహో పేటలో కలరా చెలరేగి, 600 మందికి పైగా పొట్టనబెట్టుకొన్నది. చెడుగాలియే కారణమని నాటి పెద్దల నమ్మకము. జాన్ స్నో అను వైద్యుడు విచారించి, మృతులలో పెక్కురు బ్రాడ్ వీథి పంపునీరు త్రాగినవారని చూపెను. సెప్టెంబరు 8వ తేదీన ఆ పంపు పిడిని తీసివేసిరి. ఒక తల్లి, జబ్బుపడిన శిశువు గుడ్డలుతికిన నీటిని ఇంటి మురుగుగుంటలో పోసినదనియు, ఆ గుంట గోడలు శిథిలమై మురుగు చేరువనున్న బావిలోని కూరినదనియు పిదప తేలినది. ఆ తల్లి దోషమేమి? గుంటను, బావిని కనిపెట్టియుండువారు లేకపోవుటయే దోషము. లండనులోని పేటలు ఆరోగ్యాధికారులను నియమింపవలెనని 1855 సం. చట్టము విధించినది.

మన ప్రాంతమున 1939 నాటి మదరాసు ప్రజారోగ్య చట్టము నీటిసరఫరాను, మురుగుపారుదలను స్థానికసంస్థల బాధ్యత గావించినది. చట్టముండిన మాత్రమున చాలదు. 2018 మార్చిలో గుంటూరు నగరమున త్రాగునీట మురుగు కలిసి, అతిసారము వ్యాపించి, పలువురు మరణించిరి.

తుళ్లూరు ప్రాంతము పత్తికి, మిరపకు పేరుపడిన సీమలోనిది. 2015 అక్టోబరు 22వ తేదీన ఉద్దండరాయునిపాలెమున రాజధానికి శంకుస్థాపన జరిగినది. క్రొత్త ఇండ్లు, క్రొత్త జనము, క్రొత్త గొట్టములు వచ్చుచోట పాత జాగ్రత్త చాలదు. నేల త్రవ్వునపుడు నీటిగొట్టము పగిలినచో మురుగు అందులో చొరబడుటకు సందు దొరకును.

కావున కుళాయి నీట క్లోరిను మిగిలియున్నదో లేదో మీ యెదుటనే పరీక్షింపుడని అడుగుడు. లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాము లుండవలెను. నీరు రంగు మారినను, రెండు మూడిండ్లలో ఒకేమారు విరేచనములు కలిగినను ఆనాడే ఆశా కార్యకర్తకు తెలుపుడు. అంతవరకు నీటిని తెరలకాచి త్రాగుడు. విరేచనములైనవారికి ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకనిచో, లీటరు కాచి చల్లార్చిన నీట ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలగొట్టి కలిపి, మాటిమాటికి పట్టుడు; వెంటనే వైద్యునికి చూపుడు.

బ్రాడ్ వీథి తల్లికి, చెప్పుకొనుటకు పేట ఆరోగ్యాధికారియే లేకపోయెను. మనకు గలరు. నలుగురిండ్ల స్త్రీలు కలిసి యడిగినచో ఆ మాట వినకపోవుట ఎవరికిని సులభము కాదు.