పేరే పణము

ఉదయము 9 గంటల 15 నిమిషములకు షేరు మార్కెట్టు తెరచుకొనును. మధ్యాహ్నము 3 గంటల 30 నిమిషములకు మూతపడును. ఈ ఆరుంబావు గంటలలోనే కొని, అమ్మి, ధరల హెచ్చుతగ్గులమీద నాలుగు రూకలు మిగుల్చుకొనవలెనను వ్యాపారమునకు ఇంట్రాడే అని పేరు. ఒకప్పుడు బొంబాయి దళారుల పనియైన ఇది నేడు ఫోనుతోపాటు ప్రతివాని చేతికి వచ్చినది. తరగతిలో బల్లక్రింద ఫోను దాచుకొన్న విద్యార్థియు చేయుచున్నాడు. విరామపు గంటలో అయ్యవారును చేయుచున్నారు.

నష్టపోయినవానిని చూచి "ఆశ చెరచినది" అని లోకము తేల్చివేయును. ఆశయొక్కటే కారణమైనచో ఈ రోగము ఇంత మొండిదై యుండదు. డబ్బు కొరకు వచ్చినవాడు డబ్బు పోవుచుండగా లేచి వెళ్లవలెను గదా! లెక్కలు వేరుగా చెప్పుచున్నవి. మార్కెట్టులను నియంత్రించు సెబీ సంస్థ 2024 జూలైలో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, 2022-23లో ఇంట్రాడే చేసిన వ్యక్తులలో ప్రతి పదుగురిలో ఏడుగురు నష్టపోయిరి. 30 ఏండ్లలోపు వారిలోనైతే నూటికి 76 మంది. 2018-19లో ఈ వ్యాపారుల సంఖ్యలో 18 శాతముగా నున్న ఆ వయసువారు 2022-23 నాటికి 48 శాతమైరి. ఫ్యూచర్లు, ఆప్షన్ల సంగతి ఇంకను దారుణము: 2021-22 మొదలు మూడేండ్లలో 93 శాతము మంది నష్టపోగా, పోయిన మొత్తము 1.8 లక్షల కోట్ల రూపాయలకు మించినది. అంతకన్న ఆలోచింపదగినది మరొకటి కలదు. వరుస సంవత్సరములలో నష్టపోయినవారిలో సయితము నూటికి 75 మందికి పైగా ఆ పని మానలేదు.

వారిని పట్టి యుంచినదేమి? ఇతడు మొదట "ట్రేడింగు చేయుచున్నాను" అనెడివాడు. కొన్ని నెలలకు "నేను ట్రేడరును" అనసాగెను. క్రియ నామవాచకమైనది. వ్యాకరణమున ఇది అల్పమైన మార్పే. మనస్సున మాత్రము కాదు. చేయుచున్న పనిని రేపు మానవచ్చును. తానైన దానిని మానుటెట్లు? స్నేహితుల నడుమ ఆ పేరు పాతుకొన్న పిమ్మట ప్రతి నష్టమును డబ్బును మాత్రమే గాక ఆ పేరును కూడ తాకును. అప్పుడతడు పేరును కాపాడుకొనుటకు డబ్బును వెచ్చించును.

ఆ పేరు పుట్టుటకు పెద్ద కారణ మక్కరలేదు. 1975లో ఎలెన్ లాంగర్, జేన్ రోత్ అను మనస్తత్త్వ పరిశోధకులు అమెరికాలో విద్యార్థులచేత నాణెము బొమ్మయో బొరుసో ముందుగా చెప్పించిరి. ఫలితములను తామే రహస్యముగా అమర్చిరి. అందరికిని సరిపోయినవి మొత్తముమీద సమానమే. అయినను తొలి విడతలలో ఎక్కువ సరిపోయినవారు తమకు ఆ విద్యయందు నేర్పు కలదని తలచిరి. నాణెము విసరుటలోనే నేర్పు కనబడగా, గీతలును పట్టికలును నిండిన షేరు తెరమీద కనబడుటలో వింత యేమి? మొదటి వారములో వచ్చిన రెండువేల లాభము కొందరికి జీవితమున కెల్ల ఖరీదైన లాభము.

భారతము చదివినవారికి ఈ స్వభావము క్రొత్తది కాదు. ధర్మరాజునకు జూదమన్న ప్రీతియే గాని ఆడుట తెలియదని శకుని దుర్యోధనునితో ముందే చెప్పెను. పిలిచినచో వెనుదీయకుండుట తన వ్రతమని ధర్మరాజు చెప్పుకొనెను. పోయినదంతయు ధృతరాష్ట్రుడు తిరిగి యిచ్చిన పిదప, ఇంద్రప్రస్థమునకు పోవు త్రోవలో రెండవ పిలుపు వచ్చినది. కీడు తెలిసియే మరలెను. పెద్దల ఆజ్ఞ యనుట ఉన్నదే గాని, తన్ను గూర్చి తాను చెప్పుకొన్న మాట అంతకన్న బలముగా లాగినదనిపించును.

నేటి వ్యాపారి వ్రతభంగము చేయకుండు పద్ధతులు చిత్రములు. ఇంత ధరకు దిగినచో అమ్మివేయుమని ముందుగా నిచ్చు ఆజ్ఞకు స్టాప్ లాస్ అని పేరు. ఉదయపు బుద్ధి యిచ్చిన ఆ ఆజ్ఞను మధ్యాహ్నపు మనస్సు క్రిందికి జరుపును, మరల జరుపును. మూడు గంటలయినను ధర కోలుకొననిచో ఇంట్రాడేగా కొన్నదానిని డెలివరీగా మార్చి, "ఇది దీర్ఘకాలపు పెట్టుబడి" అనును. అమ్మినచో పొరపాటును సంతకముతో ఒప్పుకొన్నట్లే యని భయము. లాభమున నున్న షేరును త్వరపడి అమ్ముట, నష్టమున నున్నదానిని పట్టుకొని వ్రేలాడుట అను ఈ అలవాటును షెఫ్రిన్, స్టాట్‌మన్ అను పండితులు 1985లోనే వర్ణించిరి. లాభము తన తెలివి. నష్టము బడా ఆపరేటర్ల కుట్ర, లేదా ఆనాటి వార్త. (ఇంటర్నెట్టు మందగించుట యను కారణము కూడ కలదు, లాభము వచ్చిన దినమున అది ఎన్నడును మందగింపదు.)

ఎన్నిమారులు కొని అమ్మిన అంత పనిమంతుడనను భ్రమ యొకటి. బార్బర్, ఓడియన్ అనువారు 1991-96 నడుమ 66,465 అమెరికా కుటుంబముల ఖాతాలను పరిశీలించిరి. మార్కెట్టు ఏడాదికి 17.9 శాతము పెరుగగా, అతి తరచుగా కొని అమ్మినవారికి దక్కినది 11.4 శాతము. తక్కినది చాలవరకు దళారీ ఖర్చులు తినివేసినవి.

లాభము గడించువారు లేరా యన్నచో, ఉన్నారు, పదింట ముగ్గురు. మిగిలిన ఏడుగురును తాము ఆ ముగ్గురిలోని వారమనియే నమ్మి రాత్రి నిద్రించుచున్నారు. ఈ నమ్మకమును ఉపన్యాసము కదలింపజాలదు. మన పాతకాలపు కోమటి చిట్టా ఆవర్జాలు కొంత కదలింపగలవు. కొనకముందే కారణమును, అమ్మవలసిన ధరను సిరాతో వ్రాసియుంచినచో సాయంకాలము "నాకు ముందే తెలియును" అనుటకు వీలుండదు. జ్ఞాపకము అతని పక్షమున వాదించు న్యాయవాది. కాగితమునకు ఆ ఉద్యోగము లేదు.

విద్యార్థిని గద్దించు ఉపాధ్యాయుడు "ఎందుకు చేయుచున్నావు?" అని అడుగును, దానికి బాలునియొద్ద పది సమాధానములున్నవి. "నిరుటి సంవత్సరము బ్రోకరేజీ, పన్నులు పోగా నిలిచినదెంత?" అని అడిగినచో తడబడును. ఆ అంకె అతని ఫోనులోనే, బ్రోకరు పంపిన సంవత్సరాంతపు లాభనష్టముల పట్టికలో నున్నది. దానిని తెరచి చూచినవారు తక్కువ.