పుట అంచున చోటెవరికి?

యూదుల ధర్మచర్చల గ్రంథమైన తల్మూద్ పుట తెరిస్తే నడిమధ్యన చదరపు అక్షరాల్లో మూలం కనిపిస్తుంది. కుట్టు వైపు రాషి వ్యాఖ్య, బయటి అంచు వైపు తోసఫోత్ అనే వ్యాఖ్యల సంపుటి. వాటి చుట్టూ ఇంకా సన్నని అక్షరాల్లో తర్వాతి కాలపు పండితులు. విల్నా నగరంలో రోమ్ కుటుంబం వారి ముద్రణాలయం 1880–86 మధ్య తెచ్చిన ప్రతిలో ఈ రూపం స్థిరపడింది. యూదుల విద్యాలయాలు ఏ దేశంలో ఉన్నా ఎక్కువగా చదివేది ఆ ప్రతినే, లేదా దాని నకలునే. ఆ పుట మీద చదువు మొదలుపెట్టినవాళ్ళకు రాషి లేని తల్మూద్ ఊహకు అందదు. కానీ మూలం 5, 6 శతాబ్దాల్లో బాబిలోనియాలో రూపుకట్టింది. రాషి 11వ శతాబ్దపు ఫ్రాన్సు మనిషి. మూలాన్నీ రాషినీ, ఎదురుగా తోసఫోత్‌నూ ఒకే పుట మీద అచ్చులో కుదిర్చింది 15వ శతాబ్దపు ఇటలీలోని ఒక ముద్రాపక కుటుంబం. మూలం పక్కన ఎవరికి చోటివ్వాలో తేల్చినవాడు కూడా వ్యాఖ్యాతే అని మా నమ్మకం. అతను పేరు చెప్పుకోడు. ప్రభావంలో మాత్రం ఎవరికీ తీసిపోడు.

రాషి అసలు పేరు రబ్బీ ష్లోమో యిత్స్‌హాకి. 1040లో షాంపేన్ ప్రాంతంలోని త్రువా పట్టణంలో పుట్టాడు. రైన్ నది ఒడ్డున మైంజ్, వోర్మ్స్ విద్యాపీఠాల్లో చదువుకుని సొంత ఊరికి తిరిగి వచ్చాడు. 1105లో కన్నుమూశాడు. ఆయన చేసిన మేలు ఎంతటిదో తెలియాలంటే మూలం ఎలా ఉంటుందో తెలియాలి. అరామిక్, హీబ్రూ కలగలిసిన భాష. అచ్చులను చూపే చుక్కలు లేవు, విరామ చిహ్నాలు లేవు. ఒక వాక్యం ప్రశ్నో, జవాబో, ఎదుటివాడి మాటకు ఎత్తిపొడుపో చూపుకు అందదు. వాదంలో ఒకరి మాట ఎక్కడ ముగిసి ఇంకొకరిది ఎక్కడ మొదలైందో కూడా చాలాచోట్ల తేలదు. గురువు ఎదుట కూర్చుని ఆయన గొంతులోని హెచ్చుతగ్గులు వింటేనే బోధపడే గ్రంథం అది. రాషి ఆ గొంతును రాతలోకి దించాడు. ఇక్కడ ఆశ్చర్యపోతూ అడుగుతున్నాడు సుమా అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటాడు. ఆ ఒక్క ముక్కతో పేరా అంతా విడిపోతుంది. పనిముట్టు పేరో చెట్టు పేరో తెలియని చోట తన ఊళ్ళో జనం మాట్లాడే ఫ్రెంచి మాటను హీబ్రూ లిపిలో రాసి చూపిస్తాడు. అలాంటి మాటలు ఎన్నో. ఆ నాటి ఫ్రెంచి భాష చరిత్ర రాసేవాళ్ళకు అవి పెన్నిధి. 19వ శతాబ్దంలో ఆర్సెన్ దార్మస్తెతేర్ అనే భాషావేత్త ఆ మాటల కోసమే చేతిరాత ప్రతులు గాలించాడు.

రాషిలో మమ్మల్ని అన్నిటికన్నా కట్టిపడేసేది ఇంకొకటి. చేతిరాత కాలంలో మూలంలోకి తప్పులు దొర్లక మానవు. తప్పనిపించిన చోట సరైన పాఠం ఇదీ అని ఆయన తన వ్యాఖ్యలో రాశాడు. మూలపు ప్రతిలో మాత్రం అక్షరం చెరపలేదు. ఈ సంగతి చెప్పింది ఆయన కూతురి కొడుకు రబ్బేను తామ్. సొంత అన్న రష్బామ్ నేరుగా ప్రతుల్లోనే దిద్దుబాట్లు చేశాడని ఆయన నొచ్చుకున్నాడు. పూర్వతరపు మైంజ్ గురువు రబ్బేను గెర్షోమ్ మూలాన్ని దిద్దేవాళ్ళను శపించిన మాట గుర్తుచేశాడు. రబ్బేను తామ్ తాతగారి వ్యాఖ్యతో అడుగడుగునా వాదించిన మనిషి. తాతగారు కాదన్న పాఠాన్ని నిలబెట్టి, అదే సరైనదని చూపిన చోట్లున్నాయి. అలా వాదించే వీలు ఆయనకు చిక్కిందంటే తాతగారు మూలాన్ని ముట్టుకోకపోవడం వల్లే.

రబ్బేను తామ్, ఆయన మేనల్లుడైన దాంపియేర్ పండితుడు ఇసాక్, వారి శిష్యులు చేసిన వాదాలే తోసఫోత్. రాషి ఒక్క వాక్యం దగ్గర ఆగి దాన్ని విప్పుతాడు. వీళ్ళు ఒక వాక్యాన్ని గ్రంథంలో ఎక్కడో ఉన్న మరో వాక్యానికి ఎదురు నిలిపి, రెండూ పొసగడం లేదే, ఎలా అని నిలదీస్తారు. వాదించడమే కాదు, రాషి పని ఆగిన చోట అందుకున్నదీ ఇంటివాళ్ళే. బాబా బత్రా అనే భాగంలో 29వ ఆకు దగ్గర రాషి వ్యాఖ్య ఆగిపోయింది. అక్కడి నుంచి రష్బామ్ అందుకున్నాడు. మక్కోత్ భాగంలో కూడా నడుమనే ఆగితే అల్లుడు యూదా బెన్ నాథన్ కొనసాగించాడు. గురువుగారు ఇక్కడితో వెళ్ళిపోయారని లేఖకులు ఆ చోట్లలో రాసిపెట్టారు. అచ్చు పుస్తకాల్లో ఇప్పటికీ ఆ మాట చదవవచ్చు.

ఈ వ్యాఖ్యలు పుట్టిన ఫ్రాన్సు గడ్డ మీదే తల్మూద్ మీద విచారణ జరిగింది. 1240లో పారిస్‌లో రబ్బీ యెహియేల్ దాని తరఫున వాదించాడు. ఆ తర్వాత రెండేళ్ళకు ఆ నగరంలోనే బండ్ల కొద్దీ చేతిరాత ప్రతులను తగలబెట్టారు. మధ్యయుగాల నుంచి దాదాపు పూర్తిగా మిగిలిన తల్మూద్ చేతిరాత ప్రతి ఒకే ఒక్కటి. 1342లో రాసిన ఆ ప్రతి మ్యూనిక్‌లో ఉంది.

ఇక అచ్చు. తేదీ వేసి అచ్చయిన మొదటి హీబ్రూ పుస్తకం మోషే ధర్మశాస్త్రం మీద రాషి రాసిన వ్యాఖ్యే. 1475లో ఇటలీ దక్షిణ కొసన రెజ్జో పట్టణంలో వెలువడింది. ఆ పుస్తకానికి స్పెయిన్ యూదుల గొలుసుకట్టు రాతను పోలిన అక్షరాలు పోత పోశారు. అలాంటి అక్షరాలకే తర్వాత రాషి లిపి అని పేరు నిలిచిపోయింది. రాషి ఎన్నడూ అలా రాయలేదు. 1484లో మిలాన్‌కు తూర్పున సొన్సినో అనే చిన్న ఊళ్ళో యెహోషువా సొలొమోన్ సొన్సినో తల్మూద్ మొదటి భాగం బెరాఖోత్‌ను అచ్చువేశాడు. రాషి ఒక పక్క, తోసఫోత్ మరో పక్క కూర్చున్నది అందులోనే. ఎందుకు వాళ్ళిద్దరే? సొన్సినో కుటుంబం జర్మనీలోని స్పేయర్ నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ బళ్ళలో చదివే పద్ధతి అది. స్పెయిన్‌లోని గ్వాదలహారాలో దాదాపు అదే కాలంలో తల్మూద్ భాగాలు అచ్చయ్యాయి. వాటిలో రాషి ఉన్నాడు, తోసఫోత్ లేదు. 1492లో స్పెయిన్ యూదులను వెళ్ళగొట్టింది. ఆ అచ్చు పుస్తకాల్లో మిగిలినవి చాలావరకు తునకలే. స్పెయిన్ పుట అక్కడ ఆగిపోయింది, ఇటలీ పుట ముందుకు సాగింది.

ఆ కుటుంబంలోని గెర్షోమ్ సొన్సినో తోసఫోత్ ప్రతుల కోసం షాంబెరీ, జెనీవా దాకా తిరిగానని రాసుకున్నాడు. ఊరు నుంచి ఊరికి అచ్చు యంత్రం మోసుకు తిరిగి చివరకు ఇస్తాంబుల్‌లో కన్నుమూశాడు. పూర్తి తల్మూద్‌ను మొదటిసారి అచ్చువేసిన కీర్తి మాత్రం ఆంట్వెర్ప్ నుంచి వెనిస్‌కు వచ్చిన క్రైస్తవుడు డానియెల్ బొంబెర్గ్‌కు దక్కింది. 1520–23 మధ్య ఆ పని జరిగింది. పుట రూపాన్ని ఆయన సొన్సినోల నుంచే తీసుకున్నాడు. ఆయన వేసిన ఆకుల లెక్క ఇప్పటికీ మారలేదు. శీర్షిక పుట మొదటి ఆకుగా పోవడంతో దాదాపు ప్రతి భాగంలోనూ మూలం రెండో ఆకున మొదలవుతుంది. రోజుకో ఆకు చొప్పున లోకమంతా ఒకేసారి చదివే వ్రతం 1923లో మొదలైంది. 2,711 ఆకులు పూర్తి కావడానికి దాదాపు ఏడున్నరేళ్ళు పడుతుంది. ఆ లెక్క నిలిచింది బొంబెర్గ్ అంకెల మీదే.

చోటు దొరకనివాళ్ళ మాటకు వద్దాం. 13వ శతాబ్దం చివర పెర్పిన్యాన్ నగరంలో మెనాహెం మెయిరి తల్మూద్ మీద విస్తారమైన వ్యాఖ్య రాశాడు. గొప్ప స్పష్టత ఉన్న రచన. విగ్రహారాధకుల గురించి తల్మూద్‌లో ఉన్న ఆంక్షలు, మతధర్మానికి కట్టుబడి బతికే తన కాలపు ఇరుగుపొరుగు జాతులకు వర్తించవని అందులో వాదించాడు. ఆ రచనలో చాలా భాగం శతాబ్దాలు చేతిరాతలోనే ఉండిపోయింది. ఎక్కువ భాగాలు 20వ శతాబ్దంలో గానీ అచ్చు చూడలేదు. అంతకాలం ఆ మాట వాదంలో లేదు. ఎవరో కుట్ర పన్నారని కాదు, సొన్సినోలో అచ్చువేసిన వాళ్ళ చదువులో ఆయన లేడు. మరోపక్క నెదారీమ్, నాజిర్, మోయెద్ కాతాన్ భాగాల్లో రాషి పేరుతో అచ్చవుతున్న వ్యాఖ్యలు రాషివి కావని పండితులు తేల్చారు. కుట్టు వైపు వరుస రాషిది అని అలవాటైపోయింది కనుక అక్కడ ఏది ఉంటే దానికి ఆయన పేరు అంటుకుంది.

రాషి పాటించిన నియమాన్ని అచ్చు పాటించలేదు. ఆయన వ్యాఖ్యలో సూచించిన పాఠాలను తర్వాతివాళ్ళు మూలంలో కలిపేశారు. ఈ పాఠం ఇలా ఉండాలి అని రాషి అంటాడు. పక్కన మూలం అప్పటికే అలా ఉంటుంది. ఆయన దేన్ని దిద్దాడో చదువరికి అంతుపట్టదు. 16వ శతాబ్దపు పోలండ్ పండితుడు సొలొమోన్ లురియా దిద్దుబాట్లకూ అదే గతి పట్టింది. వాటికి తోడు మత విచారణ వచ్చింది. 1553 సెప్టెంబరు 9న, యూదుల సంవత్సరాది నాడు, రోమ్ నగరంలోని కాంపో దె ఫియోరి కూడలిలో తల్మూద్ ప్రతులు కాల్చారు. అక్టోబరులో వెనిస్ వంతు. 1578–81లో బాసెల్‌లో వచ్చిన ప్రతిలో పరమతాల ఆరాధన గురించిన భాగం మొత్తం లేదు. మిగతా భాగాల్లో మాటలు మార్చారు. ఆ మార్పుల్లో కొన్ని శతాబ్దాల పాటు మూలంలాగే చలామణీ అయ్యాయి. మ్యూనిక్ ప్రతిని ముందు పెట్టుకుని అచ్చు పాఠంతో పోల్చి రాఫాయెల్ రబ్బినోవిచ్ 1867 నుంచి సంపుటాలుగా పాఠాంతరాలు ప్రకటించాడు. ఒక మనిషి జీవితం ఆ పనిలో గడిచింది. మూలంలో చెయ్యి పెట్టకుండా ఉంటే అందులో కొంత శ్రమ తప్పేది.

మ్యూనిక్ ప్రతి ఆకులన్నిటినీ బవేరియా రాష్ట్ర గ్రంథాలయం ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి పెట్టింది. హీబ్రూ రాకపోయినా చూడండి. రాషి, తోసఫోత్ పక్కన లేని మూలం ఎలా ఉంటుందో కనిపిస్తుంది. పాత కావ్యాలను, శతకాలను పరిష్కరించి అచ్చువేస్తున్న మన మిత్రులకు ఒక విన్నపం. మీ చేతిలోని ప్రతిలో ఉన్న పాఠాన్ని ఉన్నట్టే వేయండి. మీకు తోచిన దిద్దుబాటు అడుగున రాయండి, ఏ ప్రతి చూసి రాశారో కూడా చెప్పండి.