గాలి గొట్టంలోని మోత

గిద్దలూరు వేసవిని ఎరిగిన వారెవరూ మదరసా హాలులో కూలరు ఎందుకని అడగరు. నల్లమల అంచున వీచే పొడి వడగాలికి నీటి కూలరు బాగా పనిచేస్తుంది. మేమూ గత వేసవిలో మిద్దెపై పెద్ద డక్ట్ కూలరు పెట్టించి, రేకు గొట్టం గుండా గాలిని లోపలికి తెచ్చుకున్నాం. చల్లదనంతో పాటే మోతా దిగింది.

అరబీలో సా, సీన్, సాద్ అనే అక్షరాల మధ్య భేదం సూక్ష్మమైనది. జాలీ నుండి వెలువడే ‘స్స్’ శబ్దం సరిగ్గా వాటినే కప్పివేస్తుంది. వెనుక వరుసలోని ఒక బాలుడు సాద్‌ను సీన్‌గా పలుకుతున్నా నాకు వినబడలేదు. నేను గమనించేసరికి ఆ తప్పు అతని నాలుకపై స్థిరపడింది. ఖుర్ఆన్ పారాయణంలో అక్షరం మారితే అర్థమే మారవచ్చు కనుక, ఈ లోపం నాదేనని ఒప్పుకోవాలి.

చూడవచ్చిన మెకానిక్ యంత్రమే మార్చాలన్నాడు. ఖర్చుకు జంకి, ముందు చెవితోనే పరీక్షిద్దామనుకున్నాం. పంపు మాత్రమే నడిపితే మోత లేదు. ఫ్యాను వేయగానే మొదలైంది. కరెంటు ఆపిన క్షణంలోనే ఆగిపోయే గుంయిమనే ధ్వని మోటారుది. ఫ్యాను నెమ్మదించే కొద్దీ తగ్గేది గాలిది, లేదా బేరింగ్, బెల్టులది. గొట్టం రేకును అరచేతితో అదిమితే డబడబలు ఆగాయి, అంటే రేకే డోలువలె మోగుతోంది. జాలీని ఊడదీస్తే ‘స్స్’ మాయమైంది. యంత్రంలో దోషమేమీ లేదు.

మందు కూడా రోగాన్ని బట్టే. కూలరుకూ గొట్టానికీ నడుమ రేకును నేరుగా బిగించారు. అక్కడ కాన్వాసు తొడుగు వేసి, స్టాండు కింద రబ్బరు దిమ్మలు పెట్టాం. వెడల్పాటి రేకుకు అడ్డంగా పట్టీలు బిగించాం. బ్లోయర్‌ను దాటగానే ఉన్న నిటారు మలుపు స్థానంలో గుండ్రని వంపు వేయించాం. అసలు దోషి జాలీ. చిన్నది, పైగా సగం మూసి ఉంది. ఇరుకైన సందులో గాలి వేగం పెరుగుతుంది, వేగంతో పాటు మోత విపరీతంగా పెరుగుతుంది. వేగాన్ని సగానికి తగ్గిస్తే సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతాయి. 10 తగ్గితేనే మన చెవికి మోత సగమైనట్లు తోస్తుంది. అందుకే ఒక జాలీకి బదులు రెండు పెద్దవి పెట్టి, ఫ్యానును మధ్య వేగంలో ఉంచాం.

లారీల హారన్లకు భయపడి కిటికీలు మూసుకోవడం మరో పొరపాటు. బయటికి దారిలేక గాలి తలుపు సందుల్లో ఈల వేసేది, గది ఉక్కగా మారేది. నిశ్శబ్ద మండలంలో పగటి పరిమితి 50 డెసిబెల్స్ అని 2000 నాటి నియమాలు చెబుతున్నాయని రోడ్డు మీది వారికి గుర్తుచేసే మనం, మిద్దె మీది మోతను మాత్రం లెక్కచేయలేదు! ఇప్పుడు రోడ్డుకు ఎదురు వైపు కిటికీలు తెరచి ఉంచుతున్నాం.

గొట్టం లోపల దూది వంటి పొర అంటించమని కొందరు సలహా ఇచ్చారు. ఏసీ గొట్టాలకు తగిన పొరలు ఉన్నాయి గానీ, నీటి కూలరు తేమకు అది నాని బూజు పట్టవచ్చు. పిల్లలు పీల్చే గాలి కదా, వద్దన్నాను.

ఇప్పుడు వెనుక వరుస స్వరం నాకు స్పష్టంగా చేరుతోంది. ఆ బాలుడి సాద్ మాత్రం ఇంకా కుదరలేదు. ఫజ్ర్ తరువాత రోజూ పది నిమిషాలు ఇద్దరమూ కూర్చుంటున్నాం.