శిశువు ఆట – పెద్దల ధర్మం

గడచిన కార్తికమాసంలో ఒక సాయంకాలం ఇబ్రహీంపట్నంలోని మా ఇంట విష్ణుసహస్రనామ పారాయణం జరుగుతున్నది. ఇరుగుపొరుగు భక్తులు ఇరవైమంది వరకు విచ్చేశారు. మా మనుమనికి అప్పటికి ఏడాదిన్నర. తప్పటడుగులు దాటి పరుగు నేర్చిన ప్రాయం. పారాయణానికి భంగం కలుగకూడదని నేనే నా ఫోనులో ఏదో పాట పెట్టి వాని చేతికిచ్చి, కన్నులు మూసుకొని నామాలలో లీనమయ్యాను. కొంతసేపటికి ఫోను ఆగిపోయింది. వాడు లేచి వాకిట్లోకి నడిచాడు. మధ్యాహ్నం ట్యాంకరు నీరు పోయించుకొన్న తరువాత సంపు మూత వేయడం మేము మరచిపోయాము. ఆలస్యంగా వచ్చిన పొరుగింటి అమ్మ చెప్పులు విడుస్తూ చూచి, ఒక్క ఉదుటున వెళ్ళి వానిని పట్టుకొన్నది. వాడు సంపు అంచున కూర్చుండి, లోపలి నీటిలో కనబడే తన నీడను చూచి నవ్వుతున్నాడట!

పరమాత్మయే రక్షించాడని అందరూ అన్నారు. నేనూ అన్నాను. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రక్షించినవాడు పరమాత్మ అయితే, మూత తెరచి ఉంచినవాడెవడు? నామజపానికి అడ్డమని పసివానిని ఒక యంత్రానికి అప్పగించినవాడెవడు? ఆ ప్రశ్న నుండి పుట్టినదే ఈ వ్యాసం.

శ్రీమద్భాగవత దశమస్కంధంలో శకటభంజన ఘట్టం మనకందరకు పరిచితమే. బాలకృష్ణుడు బోర్లపడిన శుభసందర్భాన యశోద ఉత్సవం చేసింది. బ్రాహ్మణులు స్వస్తివాచనం పలికారు, గోపికలు తరలివచ్చారు. తల్లి బిడ్డను బండి క్రింద నిదురబుచ్చి అతిథిసత్కారంలో మునిగింది. పాలకోసం ఏడ్చిన బిడ్డ రోదనం ఆమె చెవిని పడలేదు. ఆ తరువాతనే బండి కూలింది. మనం ఈ కథలో భగవన్మహిమను చూస్తాము, చూడవలసినదే. కాని వ్యాసమహర్షి మరొక సత్యాన్ని కూడా అక్కడ నిలిపాడని నా భావన. శిశువు నిమిత్తంగా జరిగే వేడుకలోనే శిశువు మరువబడే ప్రమాదం ఉన్నది. అక్కడ ఉన్నది భగవంతుడు కనుక బండి కూలినా బిడ్డకు హాని లేదు. మన ఇండ్లలో ఉన్నవారు మానవశిశువులు.

అదే స్కంధంలో మరికొంత ముందుకు వెళితే, నడక నేర్చిన రామకృష్ణులను కాపాడలేక యశోదారోహిణులు ఇంటిపనులు సాగక తల్లడిల్లినట్లు వర్ణన కనబడుతుంది. కొమ్ములు గల పశువులు, అగ్ని, కోరలు గల మృగాలు, కత్తులు, నీరు, పక్షులు, ముండ్లు: ఇవీ ఆ తల్లుల భయాలు. ఈ జాబితాను నేటి బాలవైద్యుడెవరైనా చదివితే తన ఆసుపత్రి గోడమీది పట్టికయే అనుకొంటాడు. కాలం మారి కత్తి స్థానంలో బ్లేడు, అగ్ని స్థానంలో గ్యాసుపొయ్యి, యమున స్థానంలో సంపు, నీళ్ళ బకెట్టు, బోరుబావి వచ్చాయి. 2017 జూన్‌లో మన రంగారెడ్డి జిల్లాలోనే చేవెళ్ళ మండలం ఇక్కారెడ్డిగూడలో రెండేళ్ళు నిండని పసిపాప మూతలేని బోరుబావిలో పడి అసువులు బాసింది. విఫలమైన బోర్లను పూడ్చాలని, వాటి చుట్టూ కంచె ఉండాలని, మూత బిగించాలని సర్వోన్నత న్యాయస్థానం 2010లోనే ఆదేశించింది. ఆదేశం ఉన్నది, ఆచరణ లేదు. ధర్మశాస్త్రానికైనా న్యాయశాస్త్రానికైనా ప్రాణం ఆచరణమే గదా!

మన ఋషులు మోక్షమార్గాన్ని మాత్రమే ఉపదేశించి పసిపిల్లల సంగతి విస్మరించారని ఎవరైనా అనుకొంటే అది పొరపాటు. చరకసంహిత శారీరస్థానంలో పసివాని ఆటవస్తువులకు లక్షణాలు చెప్పబడ్డాయి. అవి రంగురంగులుగా, శబ్దం చేసేవిగా, మనోహరంగా ఉండాలి, బరువు కారాదు, మొన తేలి ఉండరాదు, నోటిలో దూరేంత చిన్నవి కారాదు, ప్రాణహాని, భయం కలిగించరాదు. నోటిలో దూరే వస్తువు ప్రమాదకరమని చరకుడు గుర్తించిన తీరు ఆశ్చర్యం గొలుపుతుంది. బిడ్డ ఏడ్చినా, తిననని మొరాయించినా రాక్షసుల, పిశాచాల పేర్లు చెప్పి భయపెట్టవద్దని కూడా ఆ గ్రంథమే నిషేధించింది. బూచోడు వస్తాడని బెదిరించి ముద్ద మింగించే మన అలవాటుకు శాస్త్రసమ్మతి లేదన్నమాట. సుశ్రుతుడు సైతం బాలుని గద్దించవద్దని, అకస్మాత్తుగా నిద్ర లేపవద్దని, పైకి ఎగురవేయవద్దని, వెన్ను నిలువకముందే కూర్చుండబెట్టవద్దని హెచ్చరించాడు.

ఈ చివరి మాటను నేటి తల్లిదండ్రులు ప్రత్యేకంగా గమనించాలి. బిడ్డను చక్రాల వాకరులో నిలబెట్టి త్వరగా నడిపించాలని మనకు ఆరాటం. వాకరు నడక నేర్పదు. మెట్ల దాకా, పొయ్యి దాకా పసివానిని వేగంగా చేరుస్తుంది, అంతే. కెనడా దేశం 2004లో వాటి విక్రయాన్నే నిషేధించింది. మన పూర్వుల మూడు చక్రాల కొయ్యబండి వేరు. అక్కడ బిడ్డ తన బలంతో నిలబడి, తన బలంతో నెట్టుతాడు. ప్రక్కన ఒక పెద్ద చేయి సిద్ధంగా ఉంటుంది.

అయితే రక్షణ ఒక్కటే చాలునా? చాలదు. ఏ ప్రమాదమూ రాకూడదని బిడ్డను ఒడిలోనో తెరముందో బంధించడం మరొక విధమైన హాని. క్రీడ బాలునికి వ్యర్థకాలం కాదు. అది వాని తపస్సు. జగత్సృష్టిని ఈశ్వరుని లీలగా వేదాంతం వర్ణించింది. పాండిత్యాన్ని దాటి బాల్యభావంలో నిలువమని బృహదారణ్యకం జ్ఞానికే ఉపదేశించింది. జ్ఞాని ఎంతో శ్రమించి చేరుకొనవలసిన స్థితిలో శిశువు సహజంగా ఉన్నాడు. ఆ స్థితిని మనం తొందరపడి చెరుపకుండా ఉంటే చాలు.

తైత్తిరీయోపనిషత్తు చెప్పిన పంచకోశాలను శిశువికాసానికి అన్వయించి చూడవచ్చు. 2022లో వెలువడిన పునాదిదశ జాతీయ పాఠ్యప్రణాళికాచట్రం కూడా పంచకోశ వికాసాన్ని స్వీకరించింది. నాకు తోచిన అన్వయం ఇది.

అన్నమయకోశానికి కదలిక ఆహారం. ఏడాది నుండి నాలుగేళ్ళ వరకు పిల్లలు దినానికి కనీసం 180 నిమిషాలు కదులుతూ ఉండాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో సూచించింది. దేవాలయంలో చేయి పట్టుకొని చేసే ప్రదక్షిణం, రెండు మెట్లు ఎక్కి దిగడం, మెత్తని బంతిని దొర్లించడం, వినాయకుని ముందు గుంజీళ్ళు: ఇవన్నీ వానికి వ్యాయామమే. ప్రాణమయకోశానికి నిద్ర, లయ ముఖ్యం. ఒకటి రెండేళ్ళ బిడ్డకు పగటి కునుకుతో కలిపి 11 నుండి 14 గంటల నిద్ర కావాలి. భజనలో చప్పట్లు, తొట్టెలలో జోలపాట లయను అందిస్తాయి. రాత్రి పదకొండు దాకా సాగే జాగరణలకు పసిబిడ్డను తీసుకొనిపోవడం భక్తి అనిపించుకోదు.

మనోమయకోశం మాటతో, ముఖంతో పెరుగుతుంది. అద్దం చూపి నీ ముక్కేది అని అడగడం, చందమామను చూపి ముద్ద పెట్టడం, ఆవును చూపి దాని అరుపు అనుకరించడం ఎంత సామాన్యంగా కనబడినా, భాషకు పునాది అదే. బిడ్డ పలుకుతాడు, మనం బదులిస్తాము. ఈ ఇచ్చిపుచ్చుకోవడం తెర చేయలేదు. రెండేళ్ళలోపు పిల్లలకు తెరలు వలదని, రెండు నుండి ఐదేళ్ళ వరకు దినానికి గంట మించరాదని భారతీయ బాలవైద్యుల సంఘం చెప్పుచున్నది. తెరమీద వచ్చేది దేవుని పాట అయినంతమాత్రాన నియమం మారదు. ఈ మాట మొదట నాకు నేను చెప్పుకొంటున్నాను.

విజ్ఞానమయకోశానికి వంటింటి గిన్నెలే గ్రంథాలు. స్టీలు గిన్నెలు ఒకదానిలో ఒకటి అమర్చడం, మూతలు సరిపోల్చడం, ఒక లోటా నుండి మరొక లోటాకు నీరు వంచడం, గోధుమపిండి ముద్దను పిసకడం, పూజకు బంతిరేకులు బుట్టలో వేయడం. రేకును పట్టుకొనే ఆ రెండువ్రేళ్ళే రేపు బలపం పట్టే వ్రేళ్ళు. నీటి ఆట చెంబెడు నీటితో చాలు. ఆట ముగియగానే పాత్ర ఖాళీ చేయాలి. ఆనందమయకోశానికి మనం చేయవలసినది ఏమీ లేదు. ఎవరూ నేర్పని, ఎవరూ లెక్కించని ఆటకు రోజూ కొంత సమయం విడిచిపెట్టడమే.

భక్తుల గృహాలకు ప్రత్యేకంగా ఒక విన్నపం. పూజామందిరం పసివాని ఎత్తులో ఉంటే కర్పూరం వాని చేతికందుతుంది. చూడటానికి కలకండవలె ఉండే కర్పూరం కొద్దిగా మింగినా పసిపిల్లలకు మూర్ఛ రావచ్చు. ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవలసిన ప్రమాదమది. దీపం, అగ్గిపెట్టె, అగరువత్తులు, దక్షిణనాణేలు, జపమాల నుండి రాలిన పూసలు కూడా అందకూడదు. ప్రసాదంలో పల్లీలు, సెనగలు ఉంటే చిన్నపిల్లలకు మెత్తగా నూరి పెట్టాలి, లేదా పెట్టకూడదు. చింతగింజలతో అక్కలు ఆడే ఆట తమ్మునికి తగదు. బొమ్మలలోని బొత్తాము వంటి బ్యాటరీలు మింగితే అన్ననాళం కాలిపోతుంది. బొమ్మ కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు చూడండి. 2021 జనవరి నుండి అది తప్పనిసరి. అంకుడు కర్రతో, లక్కరంగులతో, నునుపైన గుండ్రని అంచులతో రూపొందే ఏటికొప్పాక బొమ్మలను చూస్తే నాకు చరకుని లక్షణాలే గుర్తుకు వస్తాయి.

ఇక తొందర విషయం. సాగర్ రహదారి వెంట, పెద్దచెరువు పరిసరాలలో కాలనీలు వెలిశాయి, కళాశాలలు వచ్చాయి, వాటితోపాటు రెండేళ్ళకే అక్షరాలు దిద్దించాలనే పోటీ వచ్చింది. గృహ్యసూత్రాల క్రమాన్ని చూడండి. నాల్గవ మాసంలో నిష్క్రమణం, ఆరవ మాసంలో అన్నప్రాశనం, మొదటి లేక మూడవ యేట చూడాకరణం. సంప్రదాయంలో అక్షరాభ్యాసం సాధారణంగా ఐదవ యేట. ప్రతి సంస్కారానికి దేహపరిపాకం ఆధారం. మణికట్టులోని ఎముకలు జన్మతః మృదులాస్థులు; ఏండ్ల తరబడి క్రమంగా గట్టిపడతాయి. బాసరలో ముందే అక్షరాభ్యాసం చేయించినా దోషం లేదు; అది సంకల్పం. కాని మరునాటి నుండి రెండేళ్ళ వ్రేళ్ళ మధ్య పెన్సిలు ఇరికించి అరగంట దిద్దించడం సంస్కారం కాదు, హింస.

మా కాలంలో ఈ జాగ్రత్తలన్నీ ఉన్నాయా, మేము పెరగలేదా అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆనాడు పేడతో అలికిన వాకిలి ఉండేది; నలుగురు పిన్నమ్మలు, ఇద్దరు నాయనమ్మలు, పది జతల కన్నులు ఉండేవి. పెరగనివారు ఈ ప్రశ్న అడగడానికి మిగలలేదని కూడా గుర్తుంచుకోవాలి. నేడు ఇంటికి ఒకటి రెండు జతల కన్నులే. అవీ తెరకు అంటుకొని ఉన్నాయి.

మరొక ప్రమాదకరమైన మాట కర్మ. పదునెనిమిది నెలలు నిండినా నడవని, రెండేళ్ళకు రెండు మాటలు కలిపి పలుకని, పిలిచినా తిరిగి చూడని బిడ్డ విషయంలో పూర్వజన్మఫలమని సరిపెట్టుకొని కాలం గడపడం కొన్ని ఇండ్లలో చూచాను. దుర్బలమైన దైవాన్ని పురుషకారం జయిస్తుందని చరకుడే చెప్పాడు. మొక్కు మొక్కండి, అదే వారంలో వైద్యునికి చూపండి. 2013 నుండి నడుస్తున్న రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమం క్రింద ఎదుగుదలలోని లోపాలను ఉచితంగా పరీక్షిస్తారు. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకపు అంగన్‌వాడీ కేంద్రం మీ వీధికి దగ్గరలోనే ఉన్నది. అక్కడ బాలామృతం ఇవ్వడంతోపాటు బరువు, ఎత్తు చూస్తారు. ఆ టీచరమ్మను గౌరవంగా సంప్రదించండి. ఆమె చేసేది కూడా దేవతార్చనయే.

మా ఇంట ఇప్పుడు పారాయణానికి ముందు ఒక నియమం ఏర్పడింది. సంపు మూత, గేటు గొళ్ళెం, కర్పూరపు డబ్బా చూచిన తరువాతనే సంకల్పం. పారాయణ సమయంలో పెద్దలలో ఒకరు వంతుప్రకారం పిల్లలతో ఆడుతారు. మొన్న ఏకాదశినాడు ఆ వంతు నాది. మనుమడు గిన్నెలు పేర్చి పడగొట్టాడు, మరల పేర్చాడు, మరల పడగొట్టాడు. లోపల నామాలు సాగుతున్నాయి, వినబడుతున్నాయి. వాని వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ దినం నా పారాయణం తప్పిందని నాకు అనిపించలేదు.

స్వస్తి.