మైల అంటే మురికి కాదు

తెలుగులో మురికిని చెప్పే మాటలకు కొదవ లేదు. దుమ్ము, బురద, జిడ్డు, మకిలి, ఇవన్నీ కంటికో చేతికో తెలిసేవే. ‘మైల’ వీటి వరుసలో నిలవదు. కంటికి కనిపించని మైల ఉంది, ఎంత కడిగినా పోని మైల ఉంది. మాలిన్యం, అశౌచం అని ఈ మాటకు అర్థాలు చెప్పుకుంటాం. వాడుకలో మరో అర్థం దాగి ఉంది, అదే అసలైనదని నా వాదన: ఉండకూడదన్న చోట ఉండటం.

అన్నం విస్తట్లో ఉన్నంతసేపు పరబ్రహ్మ స్వరూపం, చొక్కా మీద పడితే మరక. మానవశాస్త్రవేత్త మేరీ డగ్లస్ 1966లో వెలువడిన ‘ప్యూరిటీ అండ్ డేంజర్’లో మురికిని చోటు తప్పిన పదార్థంగానే వివరించారు. మురికి అనే భావన ఉందంటే, దేని చోటు ఏదో నిర్ణయించిన వర్గీకరణ ముందే ఉన్నదని అర్థం. మన ‘మడి’ ఆ సంగతిని చక్కగా పట్టిస్తుంది. వరి పండే మడికీ ఆచారపు మడికీ మాట ఒకటే. వ్యుత్పత్తి ఒకటేనని నేననను. కాని రెంటికీ గట్టే ప్రాణం.

గట్టు ఎవరి కోసమో రెండు చెరువులు చెబుతాయి. మహాడ్‌లోని చవదార్ చెరువును అస్పృశ్యులకు తెరుస్తూ అక్కడి మునిసిపాలిటీ 1924లోనే తీర్మానించింది. అయినా 1927 మార్చి 20న అంబేద్కర్ నాయకత్వాన దళితులు ఆ నీరు తాగితే, వారిపై దాడి జరిగింది. ఆపై సవర్ణులు 108 కుండల పంచగవ్యంతో చెరువును ‘శుద్ధి’ చేశారు. అంతవరకు పశువులు తాగినా ఆ నీటికి శుద్ధి అవసరం కాలేదు.

కారంచేడులో కథ తలకిందులైంది. మాదిగలు తాగే చెరువు నీటిని పశువుల పనికి వాడి మురికి చేయడాన్ని ప్రశ్నించినందుకు గొడవ మొదలైంది. 1985 జూలై 17న ఆరుగురు దళితులను చంపారు. మహాడ్‌లో మనుషులు తాగిన నీరు మైలపడింది. కారంచేడులో నిజంగా మురికైన నీరు మైల కాలేదు. దాడి చేసినవారి లెక్కలో అక్కడ చోటు తప్పింది పశువుల మురికి కాదు, ప్రశ్నించిన గొంతు.

నేటి చదువుకున్నవారు ‘మైల’ అనరు. ‘శుభ్రత’ అంటారు, ‘ఆహారపుటలవాటు’ అంటారు. మాట మారినా గట్టు మారలేదు. అద్దె ఇంటి గేటుకు ‘శాకాహారులకు మాత్రమే’ అన్న బోర్డు వేలాడుతుంది. ఇంటిల్లిపాది అంట్లు తోమే మనిషికి టీ ఇచ్చేది విడి గ్లాసులో. ఆమె చేతుల్లోనే గిన్నెలు శుభ్రమవుతాయి, ఆమె పెదవి తగిలితే మాత్రం మైలపడతాయి! 2023లో బొంబాయి ఐఐటీ భోజనశాలలో శాకాహారులకు బల్లలు ప్రత్యేకించారు. దాన్ని అలవాట్ల పట్ల గౌరవమని సమర్థించవచ్చు. ఎవరి కంచం చోటు తప్పినట్టు లెక్కో అడిగితే ఆ సమర్థన నిలవదు.

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, దానికి నిర్వచనం మాత్రం ఇవ్వలేదు. ఆ మౌనం లోపం కాదు, అవకాశం. 2018 సెప్టెంబరు 28న శబరిమల కేసులో జస్టిస్ డి.వై. చంద్రచూడ్ తన విడి తీర్పులో, శుద్ధి–అశుద్ధి భావనతో మనుషులను వెలివేయడం ఈ అధికరణం పరిధిలోకి వస్తుందన్నారు. ముట్టు మైల పేరిట స్త్రీని దూరంగా ఉంచడాన్నీ, పుట్టుక పేరిట దళితుణ్ణి దూరంగా ఉంచడాన్నీ ఒకే తర్కం నడుపుతోందని ఆ వ్యాఖ్యానం గుర్తించింది.

కనుక మైలకు మందు శుభ్రత అనే వాదనను విద్యార్థులు అంగీకరించకూడదు. స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టి, పట్టా పుచ్చుకుని వచ్చినవాడికీ అద్దె ఇల్లు దొరకని దేశం మనది. మురికిని చీపురు తీసేస్తుంది. మైల పోవాలంటే, ఎవరి చోటు ఏదో పుట్టుకతోనే గీసిన గట్టును తెంచాలి. ఎక్కడైనా ‘ఇది శుభ్రతకు సంబంధించిన విషయం’ అన్న మాట వినబడితే, ముందు ఒక ప్రశ్న వేయండి: ఇక్కడ కడగవలసింది దేన్ని, గెంటేస్తున్నది ఎవరిని?