సుర్మా పేరు ఒకటే, రాళ్లు రెండు



మొన్న జుమ్మా రోజు మా తమ్ముడి పాపను చోడవరం తీసుకొచ్చారు. మూడు నెలల పిల్ల. స్నానం చేయించి, లోబాన్ పొగ పట్టి, మా అమ్మీ సుర్మేదాని తెరిచింది. సలాయి పాప కంటిదాకా వెళ్లేసరికి నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"సున్నత్‌కే అడ్డం పడతావా? నీకూ ఇదే పెట్టి పెంచాను, ఏమైంది నీకు?" అంది అమ్మీ.

అమ్మీ అడిగినవి రెండు ప్రశ్నలు. రెండింటికీ జవాబు చెప్పాలి. ముందు సున్నత్ సంగతి.

హదీసుల్లో రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) మెచ్చుకున్నది ఇస్మిద్‌ను. అది చూపును తేటపరుస్తుందనీ, రెప్ప వెంట్రుకలు మొలిపిస్తుందనీ తిర్మిజీ, అబూ దావూద్ సంకలనాల్లో ఉంది. ఇస్మిద్ అంటే యాంటిమొనీ రాయి అని ఎక్కువమంది చెబుతారు. మరి మన బజార్లో సుర్మా పేరుతో దొరికే పొడి? అందులో చాలామటుకు గెలీనా, అంటే సీసం ముడిరాయి. బరువులో సుమారు 86 శాతం సీసమే. మన రాష్ట్రంలోనూ ఆ రాయి ఉంది. పల్నాడులో అగ్నిగుండాల దగ్గర బండ్లమొట్టు గనిలో సీసం కోసం తవ్వింది దాన్నే.

రెండూ గంధకం కలిసిన రాళ్లే. రెండూ మెత్తనివే, మెరుపు ఉన్నవే. గెలీనా పగిలితే చిన్న చిన్న ఘనాలుగా విడిపోతుంది, యాంటిమొనీ రాయి సూదుల్లా పెరుగుతుంది. రాయిగా ఉన్నప్పుడు తెలిసినవాడు పోల్చుకోగలడు. నూరాక రెండూ నల్లపొడే. పెట్టేవాళ్లకే కాదు, అమ్మేవాళ్లకు కూడా చాలాసార్లు తేడా తెలియదు.

ఈ గందరగోళం మాటలోనే ఉంది. 'సుర్మా' ఫార్సీ నుంచి మనకొచ్చింది. దాని మూలం తుర్కీలో 'రాయడం, పూయడం' అనే అర్థం ఉన్న మాట అంటారు. అంటే అది రాయి పేరు కాదు, కంటికి పూసేదాని పేరు. అందుకే ఉర్దూలో యాంటిమొనీ కూడా సుర్మాయే, కంటికి పెట్టే ఏ నల్లపొడి అయినా సుర్మాయే. చివరికి రంగు కూడా సుర్మయీ అయింది. మనం వంజరం అనే చేపను ముంబైలో సుర్మయీ అంటారు. ఇంత వెడల్పయిన మాటను నమ్మి డబ్బీ కొంటే లోపల ఏ రాయి ఉందో ఎలా తెలుస్తుంది? 'అస్లీ ఇస్మిద్' అనీ, 'కోహే తూర్ సుర్మా' అనీ డబ్బీ మీద రాస్తారు. అమ్మీ దగ్గరున్న డబ్బీ మీద కాబా బొమ్మ ఉంది, లోపల ఏముందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

ఒకప్పటి అరబ్బులు ఇస్మిద్ అన్న రాళ్లలో గెలీనా కూడా ఉండొచ్చనే పరిశోధకులు ఉన్నారు. ఉండనివ్వండి. అప్పట్లో సీసం చేసే నష్టాన్ని కొలిచే మార్గం లేదు. ఇప్పుడు ఉంది. తెలిశాక కూడా పిల్లల కళ్లలో పెట్టమని దీన్ చెబుతుందా? హాని చేయకూడదు, హానికి హాని కూడా చేయకూడదన్నది మన ఫిఖ్‌లో పెద్ద ఉసూల్. సున్నత్ ప్రేమతో చేసే పని పిల్లకు జహర్ కాకూడదు.

ఇక రెండో ప్రశ్న, నాకేమైందని. నిజంగా నాకు తెలియదు. సీసం చేసిన నష్టం మొహం మీద కనపడదు. పాప కళ్లు నులుముకుంటుంది, అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. కడుపులోకి పోయిన సీసాన్ని చిన్నపిల్లల ఒళ్లు పెద్దవాళ్లకన్నా నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రక్తంలో ఇంతవరకు ఉంటే ఫర్వాలేదు అనే హద్దే లేదని కూడా ఆ సంస్థే చెప్పింది. రక్తం తగ్గుతుంది, మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది, చదువులో వెనకబడతారు. 'వీడికి దిమాగ్ లేదు' అని మనం తిట్టే పిల్లల్లో ఎవరెవరికి ఏం జరిగిందో మనం ఎప్పుడూ చూడలేదు. రక్తపరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

అమెరికాలో సుర్మాను అమ్మకానికి ఒప్పుకోరు. మన దేశంలో కూడా రంగు కోసం సీసం సమ్మేళనాలు కలిపిన సౌందర్య సామగ్రి తయారు చేయకూడదని 2020 కాస్మెటిక్స్ రూల్స్ చెబుతున్నాయి. కానీ ఉర్సులో, హజ్ నుంచి వచ్చిన తోహ్ఫాల్లో, వీధి చివర అత్తర్ల బండి మీద దొరికే డబ్బీని ఎవరు పరీక్షిస్తారు?

నేను చెప్పేది ఇంతే. లోపల ఏముందో రాయని సుర్మా కొనకండి. పసిపిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్లకు, పాలిచ్చే తల్లులకు అసలు వద్దు. ఇన్నాళ్లూ పెట్టి ఉంటే డాక్టరుకు ఆ మాట దాచకుండా చెప్పి, పిల్లకు సీసం పరీక్ష అడగండి. మన మౌలానాలు జుమ్మా బయాన్‌లో ఒక్కసారి ఈ సంగతి చెబితే నా రాతకన్నా వందరెట్లు ఫాయిదా.

నజర్ భయమా? సూరె ఫలఖ్, సూరె నాస్ చదివి పిల్ల మీద దమ్ చేయండి. అది కూడా సున్నతే, అందులో సీసం లేదు.

ఆ రోజు అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత సలాయి తుడిచి, డబ్బీ మూతపెట్టి, పాపను ఒళ్లోకి తీసుకుని "ఖుల్ అవూజు" మొదలుపెట్టింది. పాప మళ్లీ కళ్లు నులుముకుని చెయ్యి నోట్లో పెట్టుకుంది. ఈసారి నాకు భయం వెయ్యలేదు.